ఒక చెంచా ఓట్స్, ఒక పెద్ద ఆపిల్

ఓట్స్ ఒక పెద్ద చెంచాడు. నీళ్లు మూడు చెంచాలు. పన్నెండు గంటలు నాననివ్వాలి. తినే ముందు ఒక చెంచా నిమ్మరసం, ఒక చెంచా తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ కలపాలి. తరవాత 200 గ్రాముల ఆపిల్‌ని తొక్కతో, గింజలతో సహా నేరుగా ఆ గిన్నెలోకే తురమాలి. పైన ఒక చెంచా బాదం పొడి గానీ హేజల్‌నట్ పొడి గానీ చల్లి, ఆలస్యం చేయకుండా తినెయ్యాలి. సుమారు 1900 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నగరంలో మాక్సిమిలియన్ బిర్కర్-బెన్నర్ అనే డాక్టరు తన రోగులకు పెట్టిన పథ్యం ఇది. రాత్రి నానబెట్టి పొద్దున తినే ఓట్స్ అంటూ ఈరోజు ప్రపంచమంతా అమ్ముతున్న సరుకుకు ఇదే మూలపురుషుడు.

ఆ కొలతలు మరోసారి చూడండి. చెంచాడు ఓట్స్ తూకం పది గ్రాములు మించదు. పండు 200 గ్రాములు. అంటే ఓట్స్ కన్నా ఆపిల్ ఇరవై రెట్లు ఎక్కువ. డాక్టరు దృష్టిలో అది పండు వంటకం. ఆయన దానికి పెట్టిన పేరులో కూడా ఆపిల్ ఉంది గానీ ఓట్స్ ఊసు లేదు. నానిన ఓట్స్ తురుమును కాస్త పట్టి ఉంచడానికీ, కడుపులో కొంచెం ఆనడానికీ మాత్రమే.

ఇప్పుడు మన హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సూపర్‌మార్కెట్ అరలో దొరికే నానబెట్టే ఓట్స్ ప్యాకెట్ తీసి చూడండి. దాదాపు అంతా ఓట్సే. కొన్ని చియా గింజలు, పాలపొడి, చక్కెరో బెల్లం పొడో ఖర్జూరం పొడో, మామిడి వాసనో స్ట్రాబెర్రీ వాసనో, చిటికెడు ఎండు పండు ముక్కలు. లెక్క పూర్తిగా తిరగబడింది. పండు వంటకం కాస్తా ధాన్యం వంటకమైంది. ఈ నూట పాతికేళ్లలో ఆ గిన్నెకు జరిగిన మార్పుల్లో ఇదే అన్నిటికన్నా పెద్దదని నా అభిప్రాయం. స్విట్జర్లాండ్ నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం కూడా ఇందులోనే ఉంది.

బిర్కర్-బెన్నర్ 1867లో ఆరావ్ అనే ఊళ్లో పుట్టాడు. వైద్యం చదివి జూరిక్‌లో కార్మికులు ఎక్కువగా ఉండే పేటలో ప్రాక్టీసు పెట్టాడు. ఆ కాలంలో ఐరోపా డాక్టర్ల లెక్క ప్రకారం బలమైన తిండి అంటే మాంసం, తెల్ల రొట్టె. పండ్లు, పచ్చి కూరలు కేవలం నీళ్లనీ, బలం లేనివనీ అనుకునేవారు. ఆయనకు కామెర్లు వచ్చి ఏ తిండీ సయించని రోజుల్లో భార్య ఇచ్చిన పచ్చి ఆపిల్ ముక్కలతో కోలుకున్నాడని చెబుతారు. ఏమి తిన్నా అరగని ఒక రోగికి పచ్చి తిండి పెట్టి చూస్తే ఆమెకు నయమైందనే కథ కూడా ఉంది. ఏదేమైనా పచ్చి పండ్లూ కూరగాయలే మనిషికి మొదటి ఆహారమని ఆయన గట్టిగా నమ్మాడు. 1900లో జూరిక్ డాక్టర్ల సంఘంలో ఆ మాటే చెబితే, సైన్సు హద్దు దాటాడని తోటివాళ్లు ఆయన్ని తోసిపుచ్చారు.

వాళ్ల అభ్యంతరం పూర్తిగా తప్పని అనలేం. మొక్కలు సూర్యుడి వెలుగును దాచుకుంటాయనీ, ఆ వెలుగే మనకు బలమిస్తుందనీ, వండితే అది నశిస్తుందనీ ఆయన వాదించాడు. ఆ సిద్ధాంతం నిలబడలేదు. కానీ 1912లో కాసిమిర్ ఫంక్ విటమిన్ అనే మాటను లోకానికి పరిచయం చేశాక, ఆ తరవాత ఇరవై ఏళ్లలో సి విటమిన్‌ను విడదీసి గుర్తించాక, పచ్చి పండులో నిజంగానే వేడికి పోయే మేలు ఒకటుందని అందరూ ఒప్పుకోవాల్సి వచ్చింది. కారణం తప్పు చెప్పాడు, గిన్నెలో పెట్టింది మాత్రం సరైనది. వైద్య చరిత్రలో ఇలాంటివి చాలానే ఉన్నాయి. అందుకే ఏ తిండి గురించైనా సిద్ధాంతాన్నీ గిన్నెనూ విడివిడిగా తూచాలి.

1904లో ఆయన జూరిక్‌బెర్గ్ కొండ మీద పెద్ద ఆరోగ్యాలయం కట్టాడు. సజీవ శక్తి అని అర్థం వచ్చే జర్మన్ పేరు పెట్టాడు. అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా డబ్బున్నవాళ్లు, అతిగా తిని, తక్కువగా కదిలి జబ్బుపడ్డవాళ్లు. పొద్దున్నే లేవాలి, నడవాలి, తోటపని చెయ్యాలి, రాత్రి తొమ్మిదికల్లా దీపాలు ఆర్పాలి. మద్యం, పొగాకు, కాఫీ నిషేధం. తరవాత నోబెల్ బహుమతి అందుకున్న జర్మన్ రచయిత థామస్ మాన్ కూడా 1909లో అక్కడ కొన్నాళ్లున్నాడు. ఈ కఠినమైన దినచర్యలో చాలా భాగం ఆ కొండ దిగి కిందికి రాలేదు. దిగి వచ్చింది ఆపిల్ గిన్నె ఒక్కటే.

ఎందుకు అదొక్కటే వచ్చిందన్నది ఆలోచించదగ్గ విషయం. మనకూ ప్రకృతి ఆహారం చెప్పే పెద్దలున్నారు. మంతెన సత్యనారాయణరాజు గారి మాటలు విని మొలకలు, ఉప్పులేని కూరలు మొదలుపెట్టని తెలుగు వీధి ఉండదేమో. విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డున ఆయన ఆరోగ్యాలయానికి వెళ్లి వచ్చినవాళ్లు కొన్నాళ్లు శ్రద్ధగా పాటిస్తారు. తరవాత చాలా ఇళ్లలో ఆ అలవాటు మెల్లగా సడలిపోతుంది. పట్టుదల కావలసిన తిండి ఇంటిల్లిపాదికీ అలవాటు కావడం కష్టం. బిర్కర్ గిన్నెకు పట్టుదల అక్కర్లేదు. నిమ్మరసం పులుపు, గట్టిపాల (కండెన్స్‌డ్ మిల్క్) తీపి, బాదం కమ్మదనం కలిసి పిల్లలు కూడా మారు అడిగే రుచి వచ్చింది. ఆ ఒక్క చెంచా తీపిని ఆయన ఒప్పుకోకపోయి ఉంటే స్విస్ ఇళ్లలోకి ఈ వంటకం వెళ్లేది కాదని నేననుకుంటాను. గట్టిపాలు ఎంచుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. అప్పట్లో పచ్చిపాల ద్వారా క్షయ సోకే భయం ఉండేది, ఇళ్లలో ఫ్రిజ్‌లు లేవు. డబ్బాలో మూసిన గట్టిపాలు చెడిపోవు.

స్విస్ వాళ్లు దీన్ని పొద్దుటి ఫలహారంగా మాత్రమే తినలేదు. చాలా ఇళ్లలో ఇది తేలికపాటి రాత్రి భోజనం. వెన్న రాసిన రొట్టె, పాల కాఫీ, పక్కన పెద్ద గిన్నెడు బిర్కర్ మ్యూస్లీ (ఈ ఆపిల్ వంటకానికి జనంలో స్థిరపడ్డ పేరు ఇదే). ఈరోజుకీ అక్కడి మీగ్రో, కోప్ దుకాణాల్లో పెరుగు, తాజా పండ్లతో కలిపిన గిన్నెలు చల్లటి అరల్లో అమ్ముతారు. ప్రపంచంలో ఏ మూల పెద్ద హోటల్‌కి వెళ్లినా ఫలహారాల బల్ల మీద ఈ పేరుతో ఒక గిన్నె ఉంటుంది, హైదరాబాద్ హోటళ్లలో కూడా. ఇరవయ్యో శతాబ్దం మధ్యకల్లా దీన్నే ఎండు మిశ్రమంగా మార్చి పెట్టెల్లో అమ్మడం మొదలైంది. అక్కడే పండు ఎండిపోయి చిన్నదైంది, ఓట్స్ పెరిగింది. తాజా ఆపిల్ పెట్టెలో నిలవదు, ఓట్స్ నిలుస్తుంది. వ్యాపారానికి ఏది నిలవ ఉంటే అదే ముఖ్య పదార్థమైంది. ఎవరో కుట్ర చేసి మార్చింది కాదిది. అరలో నెలల తరబడి ఉండాల్సిన సరుకుకు ఉండే సహజ పరిమితి. కానీ తినే మనం ఆ పరిమితిని గుర్తుపెట్టుకోవాలి.

ఈ ఆలోచన తనది కాదని డాక్టరే చెప్పేవాడు. భార్యతో కలిసి ఆల్ప్స్ కొండల్లో తిరుగుతుండగా పశువుల కాపరుల గుడిసెలో ఇలాంటి తిండి పెట్టారనీ, అది వాళ్లు తరతరాలుగా తింటున్నదనీ ఆయన మాట. కొండల మీద పశువులు మేపుకునేవాడికి పొయ్యి ముందు కూర్చునే తీరిక ఉండదు. ధాన్యం నానేసి, పాలు, పండు కలుపుకుని తినేస్తాడు. ఇది చదివితే తెలుగువాళ్లకు పోతన భాగవతం దశమ స్కంధంలో గోపబాలకులు అడవిలో చల్ది మూటలు విప్పుకుని, ఊరగాయలు నంజుకుంటూ తిన్న ఘట్టం గుర్తురాకమానదు. పశువుల కాపరి తిండి అక్కడా ఇక్కడా ఒకే అవసరం నుంచి పుట్టింది. పొద్దున వండే వీలుండదు కాబట్టి పని రాత్రే అయిపోవాలి.

మన చద్దన్నం, తెలంగాణలో సద్దన్నం, సరిగ్గా ఈ పనే చేస్తుంది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసో, పాలు పోసి తోడేసో ఉంచితే, మన వేడిలో తెల్లారేసరికి అది కొంచెం పులుస్తుంది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉంటే చాలు. గోదావరి, ఉత్తరాంధ్ర వైపు పులిసిన నీళ్లతో తరవాణి కుండ నడిపేవాళ్లు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ అంబలి. ఇడ్లీ పిండి కూడా రాత్రే రుబ్బి పెడతాం. కాబట్టి రాత్రి పెట్టి పొద్దున తినడమనే పద్ధతి మనం ఐరోపా నుంచి నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకోవలసింది అందులోకి తాజా పండును తేవడం. మన ఫలహారంలో పండుకు చోటు లేదు. ఇడ్లీ, దోసె, ఉప్మా, పెసరట్టు, పూరీ... వీటిలో దేంతోనూ పండు తినం. పండు మనకు అతిథులకు కోసిపెట్టేది, జబ్బుపడ్డవాళ్లను చూడ్డానికి తీసుకెళ్లేది, దేవుడికి నైవేద్యం పెట్టేది. రోజూ పొద్దున ప్రతి మనిషికీ ఒక పండు అనే అలవాటు మన ఇళ్లలో చాలా తక్కువ. బిర్కర్ గిన్నె ఆ ఖాళీని నింపగలదు.

ఇక్కడ ఓట్స్ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. చాలామంది ఓట్స్ పచ్చిగా తింటున్నామని భయపడతారు. ప్యాకెట్‌లో వచ్చే రేకులు పచ్చివి కావు. ఓట్ గింజలో కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వును విరగ్గొట్టే ఎంజైము కూడా ఎక్కువే. పొట్టు తీసి అలాగే వదిలేస్తే కొద్ది రోజుల్లో చేదెక్కి కనరు వాసన వస్తుంది. అందుకే మిల్లులోనే గింజకు ఆవిరి పట్టించి, తరవాత రోలర్ల మధ్య నొక్కి రేకులు చేస్తారు. ఆ ఆవిరికే అది సగం ఉడికినట్టు. నానబెడితే చాలు, తినడానికి పనికొస్తుంది.

మన అటుకులదీ దాదాపు ఇదే కథ. వడ్లు నానబెట్టి, వేడి ఇసకలో వేయించి, వేడి మీదే దంచితే అటుకులవుతాయి. గింజలోని పిండి పదార్థం ముందే వేడి తగిలి మెత్తబడి ఉంటుంది. అందుకే అటుకులు కూడా పొయ్యి లేకుండా తినొచ్చు. కుచేలుడు కొంగున కట్టుకెళ్లింది ఈ తక్షణ ఆహారమే. తేడా ఏమిటంటే, మందపాటి అటుకులు కూడా పది నిమిషాల్లో నానిపోతాయి, రాత్రంతా నీళ్లలో ఉంచితే చిదికిపోతాయి. అంటే హడావుడి పొద్దులకు అటుకులు ఓట్స్ కన్నా వేగం. రాత్రి మరిచిపోయినవాళ్లకూ దారి ఉంటుంది.

అలాగని అటుకులే గొప్పవని అనను. 40 గ్రాముల ఓట్స్‌లో సుమారు 4 గ్రాముల పీచు, 5 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వడ్ల అటుకుల్లో పీచు అంతకన్నా బాగా తక్కువ. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంది. నానిన ఓట్స్ అంత జిగటగా ఉండడానికి అదే కారణం. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తింటే రక్తంలో చెడ్డ కొలెస్టరాల్ కొంత తగ్గుతుందన్నది గట్టిగా రుజువైన విషయం. అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ 1997లోనే ఆ మాట ప్యాకెట్ మీద రాసుకోవడానికి అనుమతిచ్చింది. అయితే 3 గ్రాములు రావాలంటే దాదాపు 75 గ్రాముల ఓట్స్ కావాలి. బిర్కర్ పెట్టిన ఒక చెంచాతో ఆ పని జరగదు. 40 గ్రాముల ప్యాకెట్‌తో సగమే జరుగుతుంది. కొలెస్టరాల్ కోసం ఓట్స్ తినేవాళ్లు ఈ లెక్క తెలుసుకుని తినాలి. మిగతావాళ్లకు మూడు నాలుగు చెంచాల ఓట్స్, దానికి కనీసం నాలుగింతల తాజా పండు సరిపోతాయని నా ఉద్దేశం.

రాత్రంతా నానబెడితే ఫైటిక్ ఆమ్లం పోయి ఇనుము, జింకు ఒంటికి బాగా పడతాయని కూడా చెబుతుంటారు. ఓట్స్ విషయంలో ఆ మాట పెద్దగా నిలవదు. ఫైటిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైము ఓట్స్‌లో మొదటే తక్కువ, ఉన్నది కాస్తా మిల్లులో ఆవిరికే చచ్చిపోతుంది. ఇనుము బాగా పట్టాలంటే పక్కన సి విటమిన్ ఉండాలి. ఇక్కడ కూడా పనికొచ్చేది డాక్టరు వేసిన నిమ్మరసం, తాజా పండు. నానబెట్టే గంటల కన్నా నానాక కలిపేదే ముఖ్యం. ఇప్పటి పలచటి రేకులు అరగంటలోనే మెత్తబడతాయి కూడా. పన్నెండు గంటల నియమం ఆనాటి మందపాటి రేకులకు సంబంధించింది.

పండు విషయానికొస్తే మనం ఆపిల్‌ను పట్టుకు వేలాడనక్కర్లేదు. స్విస్ వాళ్లకు పెరట్లో ఆపిల్ చెట్టుంది, అందుకే ఆపిల్. మనకు కశ్మీర్ నుంచో హిమాచల్ నుంచో, ఇంకా దూరం నుంచో మైనం పూతతో వస్తుంది. మన పెరట్లో ఉన్నది జామ. ఆపిల్ 100 గ్రాముల్లో సి విటమిన్ 5 మిల్లీగ్రాములు ఉంటే గొప్ప, జామలో 200 పైమాటే. దోర జామకాయ గింజల భాగం తీసేసి తురిమితే ఆపిల్ తురుములాగే ఉంటుంది. బొప్పాయి, అరటి ఏడాదంతా దొరుకుతాయి. చలికాలం మొదట్లో మహబూబ్‌నగర్ సీతాఫలం, వేసవిలో మామిడి, మధ్యలో దానిమ్మ. హేజల్‌నట్ బదులు వేయించిన పల్లీల పొడి, నువ్వుల పొడి. గూడూరు నిమ్మకాయలు ఉండనే ఉన్నాయి. గట్టిపాలు చెంచా దాటకూడదు, పండు బాగా పండితే అదీ అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లు సీతాఫలం, మామిడి, బాగా మాగిన అరటి లాంటివి తగ్గించి, జామ, పెరుగు వేసుకోవడం మేలు. రేకులు కూడా సన్నగా తరిగిన ఇన్‌స్టంట్ రకం కాకుండా మందపాటివి తీసుకోవాలి, సన్నటివి రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతాయి.

తీపి ఫలహారం పొద్దున గొంతు దిగనివాళ్లు మన వైపు చాలామంది. వాళ్లకు స్విస్ దారి కన్నా దద్ధ్యోదనం దారి మంచిది. ఓట్స్‌ని పలచటి పెరుగులో నానేసి, పొద్దున ఉప్పు, తరిగిన కీరా, దానిమ్మ గింజలు, కొత్తిమీర వేసి, ఆవాలు, మిరపకాయ, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టాలి. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో ఓట్స్ ఉప్మా, ఓట్స్ పొంగలి ఎప్పుడో మొదలయ్యాయి. ఈ పెరుగు ఓట్స్ వాటికన్నా తేలిక, తాలింపు గరిటె తప్ప ఇంకేం కడగక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. జూరిక్‌లో చాలా నెలలు రాత్రి వంటింటి గట్టు మీద గిన్నె పెట్టినా చల్లగానే ఉంటుంది. మే నెల విజయవాడలోనో రామగుండంలోనో రాత్రి కూడా ఇంట్లో ముప్పై డిగ్రీలు దాటుతుంది. పాలు పోసిన ఓట్స్ బయట పెడితే తెల్లారేసరికి చెడిపోతుంది, కడుపు పాడవుతుంది. చద్దన్నం కూడా బయటే పెడతాం కదా అని వాదించకూడదు. పచ్చి పాలలో నానిన ఓట్స్‌లో ఏ సూక్ష్మజీవి పెరుగుతుందో మన చేతిలో లేదు. ఫ్రిజ్‌లో, 5 డిగ్రీల లోపు చల్లదనంలో పెట్టాలి, రెండో రోజు దాటనివ్వకూడదు. ఫ్రిజ్ లేకపోతే, కరెంటు గంటల తరబడి పోయే ఊరైతే, రాత్రి నానబెట్టనే వద్దు. పొద్దున లేవగానే నీళ్లలో వేసి, స్నానం చేసి వచ్చాక కాచిన పాలో పెరుగో కలుపుకోవచ్చు. చల్లగా తింటే గొంతు పడుతుందనే పెద్దవాళ్లుంటే ఫ్రిజ్‌లోంచి అరగంట ముందు తీసి పెట్టాలి.

ఇంకొకటి. ఓట్స్ చూసి రాగి పిండి, జొన్న పిండి కూడా రాత్రి నానేసి పొద్దున ఉడికించకుండా తాగేసేవాళ్లున్నారు. అది సరికాదు. ఆ పిండికి మిల్లులో ఆవిరి తగల్లేదు. మన పెద్దవాళ్లు రాగి పిండిని రాత్రి పులియబెట్టినా పొద్దున ఉడికించి అంబలి కాచారు, పచ్చిది తాగలేదు. నానబెట్టి తినాలనుకుంటే జొన్న అటుకులు, సజ్జ అటుకులు, రాగి అటుకులు ఇప్పుడు దొరుకుతున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్నతో రేకులు తయారుచేసే పద్ధతుల మీద చాలా ఏళ్లుగా పనిచేసింది. మన దేశంలో తినే ఓట్స్‌లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా లాంటి దేశాల నుంచి దిగుమతయ్యే గింజ. జొన్న మన మహబూబ్‌నగర్, కర్నూలు నేలల పంట. బీటా గ్లూకాన్ కోసం కాకుండా కేవలం తీరికలేని పొద్దు కోసం తినేవాళ్లకు జొన్న అటుకులు, పెరుగు, జామకాయ అన్ని విధాలా సరిపోతాయి. నానే ఫలహారాల ప్యాకెట్లు తయారుచేసే మన వ్యాపారులు ఓట్స్ వెనకే పడకుండా దీని మీద శ్రద్ధ పెడితే బాగుంటుంది.

అసలు ఈ ప్యాకెట్‌కు గిరాకీ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. మన టిఫిన్ చాలా మంచి తిండి, కానీ దాని వెనక ఒక మనిషి నిద్ర ఉంది. పప్పు నానేసి, రుబ్బి, అయిదింటికి లేచి పచ్చడి నూరి, ఒక్కొక్కరికీ వేడివేడిగా దోసె పోసి, క్యారియర్లు కట్టి, తాను మాత్రం పదింటికి చల్లారినవి తినే ఆడవాళ్లు ఇంటింటా ఉన్నారు. ఉద్యోగం చేసేవాళ్లయితే అదీ తినకుండా బస్సెక్కుతారు. రాత్రి నానేసే పద్ధతిని సోమరితనమనేవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవడం లేదు. వారంలో రెండు మూడు రోజులు పొయ్యి వెలగని పొద్దు ఆ మనిషికి దక్కితే అది చిన్న లాభం కాదు. ఈ కారణం ఒక్కటి చాలు, నేను ఈ గిన్నె పక్షాన నిలబడతాను.

ప్యాకెట్ ఆ పొద్దుటి పనంతా తీసేస్తుంది. బిర్కర్ మాత్రం అందులో అయిదు నిమిషాల పని ఉంచాడు. పండు ముందే తురిమి పెట్టొద్దని, తినేముందే తురిమి నిమ్మరసం ఉన్న గిన్నెలో కలపమని పట్టుబట్టాడు. గాలి తగిలిన తురుము నల్లబడుతుంది, రుచి పోతుంది. ప్యాకెట్ ఆ అయిదు నిమిషాలు కూడా ఆదా చేస్తానంటుంది, బదులుగా పండును తీసేస్తుంది. ఈ బేరం మనకు లాభం లేనిది. ప్యాకెట్టే కొనాలనుకుంటే వెనక పదార్థాల వరస చదవండి. ఏది బరువులో ఎక్కువో అది ముందు రాయాలన్నది మన దేశంలో నియమం. చక్కెర, బెల్లం, గ్లూకోజ్ లాంటివి రెండో మూడో స్థానంలో ఉంటే దాన్ని అక్కడే పెట్టేయండి. గ్రాముల ధరను కిలోకు లెక్కగట్టి పక్కన మామూలు ఓట్స్ డబ్బా ధరతో పోల్చండి. ఆ తేడా డబ్బుతో వారానికి సరిపడా జామకాయలు వస్తాయేమో చూడండి.

మామూలు ఓట్స్ డబ్బా, వేయించి దంచిన పల్లీలు, నువ్వులు కలిపి ఒక సీసాలో ఆదివారం పోసి పెట్టుకుంటే అదే మన నానబెట్టే ప్యాకెట్. రాత్రి అన్నాలయ్యాక నాలుగు గిన్నెల్లో నాలుగేసి చెంచాలు వేసి పెరుగు పోసి ఫ్రిజ్‌లో పెట్టడానికి వంట వచ్చి ఉండనక్కర్లేదు. పదేళ్ల పిల్లవాడు చేయగలడు, ఆ పిల్లవాడి తండ్రీ చేయగలడు. పొద్దున పండు కోసే అయిదు నిమిషాలు కూడా వాళ్లవే కావాలి. ఈ పని ఇంట్లో రోజూ టిఫిన్ చేసే మనిషికి మాత్రం అప్పగించకండి.